గ్లాసుల చప్పుడు

2024 డిసెంబర్ 4, పొద్దున 7:27కి స్టాండులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఫ్యాను ఊగుతోందా అని కూడా చూడలేదు, నిద్రపోతున్న పాపని దుప్పటితో సహా ఎత్తుకుని మూడంతస్తులూ దిగిపోయాను.

భూకంపం. ములుగు దగ్గరట, తీవ్రత 5.3 అట. ఇక్కడ హనుమకొండలో కొన్ని సెకన్లే. కింద అందరూ ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు, నాకు మాత్రం చేతుల వణుకు తగ్గలేదు.

ఆ చప్పుడు నాకు తెలుసు. 2001 జనవరి 26, గుజరాత్‌లో గాంధీధామ్, మూడో తరగతి. నాన్నకి కాండ్లాలో పని. జెండా పండుగకి గ్రౌండులో వరుసల్లో నిలబడ్డాం, బహుమతులకని టేబుల్ మీద స్టీలు గ్లాసులు పేర్చారు. 8:46కి ఎక్కడో పెద్ద లారీ వస్తున్నట్టు మోత, గ్లాసులన్నీ ఒక్కసారిగా మోగి కిందపడ్డాయి, తర్వాత జెండా కర్ర, తర్వాత మేము.

గ్రౌండులో ఉన్నాం కాబట్టి బతికాం. దగ్గర్లోనే అంజార్‌లో మా ఈడు పిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు సందులో నడుస్తుంటే రెండు పక్కల ఇళ్లూ వాళ్ల మీద కూలాయి. వాళ్లూ ఆ పొద్దున మాలాగే తెల్ల బూట్లు తుడుచుకుని, జడలు వేయించుకుని బయల్దేరి ఉంటారు. ఇన్నేళ్లయినా ఆ ఆలోచన నన్ను వదలదు.

అమ్మ ఆ రోజు పగిలిన గాజు పెంకుల మీద చెప్పుల్లేకుండా స్కూలు దాకా పరిగెత్తుకొచ్చింది. ఇవాళ ఫోన్ చేసి మొదట అడిగింది ఒక్కటే, "చెప్పులు వేసుకున్నావా బిడ్డా?"

వేసుకోలేదమ్మా.