టీఎస్‌హెచ్ పడిపోని థైరాయిడ్

నా ఫైలు మీద మొదట పడిన పేరు హైపర్ థైరాయిడ్. నాడి నిమిషానికి 108, మెడ ముందు వాపు, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ (ఫ్రీ టీ4) 2.9. అది 1.8 దాటకూడదు. అదే కాగితం మీద కింద టీఎస్‌హెచ్ 3.1 అని ఉంది. హార్మోన్ చేయమని థైరాయిడ్‌ని అడిగేది ఈ టీఎస్‌హెచ్; దాన్ని పంపేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్ తనంతట తాను ఎక్కువ పనిచేస్తుంటే టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకి పడిపోవాలి. నాది కదల్లేదు. అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది.

థైరాయిడ్ హార్మోన్ తగ్గించే కార్బిమజోల్ రోజుకి 30 మిల్లీగ్రాములు, ఆరు వారాలు వాడాను. ఫ్రీ టీ4 1.7కి దిగింది. టీఎస్‌హెచ్ 14కి ఎక్కింది, మెడ వాపు ఇంకా పెరిగింది, ఒళ్ళు మొద్దుబారినట్టయింది. కణాల్లో హార్మోన్ మాట వినే గ్రాహకాలు (రిసెప్టర్లు) రెండు రకాలు. పిట్యూటరీలో, కాలేయంలో బీటా రకం ముఖ్యం, గుండెలో ఆల్ఫా. నాలో లోపం బీటాది. దీని పేరు ఆర్‌టీహెచ్ బీటా; ఆర్‌టీహెచ్ అంటే థైరాయిడ్ హార్మోన్ మాట ఒళ్ళు సరిగా వినకపోవడం. పిట్యూటరీకి సరిగా వినపడక ఇంకా ఇంకా అడుగుతుంది. గుండెకి మాత్రం అంతా వినపడుతుంది, అందుకే ఆ దడ. మందుతో హార్మోన్ తగ్గిస్తే పిట్యూటరీ మరింత గట్టిగా అడుగుతుంది, ఆ టీఎస్‌హెచ్ దెబ్బకి గ్రంథి ఉబ్బుతుంది.

ఈ పేరు ఖాయం కావాలంటే ఇలాంటి అంకెలే చూపించే మూడింటిని ముందు కొట్టేయాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని కిట్లలో ఫ్రీ టీ4ని ఎక్కువగా చూపిస్తుంది; కనీసం రెండు రోజులు ఆపి మళ్ళీ రక్తం ఇచ్చాను. వంశంలో వచ్చే ఆల్బుమిన్ మార్పు కూడా అంకెల్ని తప్పుగా చూపిస్తుంది; దానికి ల్యాబులో డయాలిసిస్ పద్ధతిలో ఫ్రీ టీ4 చూడాలి. మూడోది టీఎస్‌హెచ్ చేసే పిట్యూటరీ గడ్డ. దానికి ఎమ్మారై, రక్తంలో ఆల్ఫా సబ్‌యూనిట్ (టీఎస్‌హెచ్‌లో ఒక ముక్క), ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ చూస్తారు. వీటన్నిటికంటే తేలికైన పరీక్ష అమ్మ రక్తం. ఆమెకీ ఫ్రీ టీ4 ఎక్కువే, టీఎస్‌హెచ్ మామూలే. గడ్డ ఇలా తల్లీబిడ్డలిద్దరిలో కనిపించడం చాలా అరుదు. తర్వాత బీటా గ్రాహకాన్ని తయారుచేసే టీహెచ్‌ఆర్‌బీ జన్యువు పరీక్షలో మార్పు దొరికింది. దాదాపు 15 శాతం కుటుంబాల్లో ఆ జన్యువులో ఏమీ దొరకదు, అయినా రోగం అదే.

డాక్టర్ రెఫెటాఫ్ బృందం ఈ రోగాన్ని 1967లో మొదట రాసింది. ఆ తర్వాత ఒళ్ళంతా ఉండేది, పిట్యూటరీకే పరిమితమైంది అని రెండుగా విడదీశారు. ఒకే జన్యు మార్పు ఒకే ఇంట్లో రెండు రకాలుగానూ కనిపించడంతో ఆ గీత నిలవలేదు. 2014లో కుదిరిన పద్ధతి ప్రకారం ముందు ఏ గ్రాహకమో చూస్తారు: ఆర్‌టీహెచ్ బీటా, ఆర్‌టీహెచ్ ఆల్ఫా. ఆల్ఫాది 2012లోనే బయటపడింది. అందులో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది గనక మామూలు పరీక్షకి దొరకదు; మలబద్ధకం, పొట్టితనం, నెమ్మది నాడి చూసి అనుమానించాలి. హార్మోన్‌ని కణంలోకి చేర్చే ఎంసీటీ8 లోపం వేరే వర్గం.

కార్బిమజోల్ ఆపేశాక గుండె వేగం తగ్గించే అటెనొలాల్ 25 మిల్లీగ్రాములతో నాడి 76కి వచ్చింది. ఫ్రీ టీ4 మళ్ళీ 2.8. దాన్ని దించాల్సిన పని లేదు, నా ఒంటికి అంత కావాలి. ఆపరేషన్ చేసినా, రేడియో అయోడిన్ ఇచ్చినా ఆ ఎత్తు నిలబెట్టడానికి జీవితాంతం పెద్ద మోతాదు థైరాక్సిన్ మింగాల్సి వచ్చేది. బిడ్డకి వచ్చే అవకాశం సగం. ఈ లోపం రాని బిడ్డ కడుపులో ఉంటే తల్లి హార్మోన్ ఎక్కువై బిడ్డ బరువు తగ్గుతుంది, కాబట్టి గర్భం రాకముందే చెప్పాలి. నా పర్సులో చీటీ ఉంది: ‘ఆర్‌టీహెచ్ బీటా. ఫ్రీ టీ4 ఎక్కువ ఉండటం మామూలే. థైరాయిడ్ తీయొద్దు.’