బారోమీటర్ లాగ్: మధ్యాహ్నం మాయమవుతున్న 5 హెక్టోపాస్కల్స్

మధ్యాహ్నం మన పీడనం అంకె విమానాశ్రయం అంకె కంటే ఎందుకు తగ్గుతోందో దొరికింది! తప్పు సెన్సర్‌ది కాదు, పోలికది.

మన వాతావరణ స్టేషన్ ఎత్తు సముద్రమట్టం నుంచి 540 మీటర్లు. సెన్సర్ పీడనం తెల్లవారుజామున, మధ్యాహ్నం కూడా 950.0 హెక్టోపాస్కల్స్. దగ్గరి విమానాశ్రయం మెటార్‌లో (పైలట్ల కోసం ఇచ్చే వాతావరణ నివేదికలో) రెండు పూటలా క్యూ1013, అంటే సముద్రమట్ట పీడనం 1013. సముద్రమట్టానికి సవరించిన మన అంకె మాత్రం తెల్లవారుజామున 1011.1, మధ్యాహ్నం 1007.1!

మొదటి అనుమానం ఎత్తు మీద. ఇక్కడ 1 హెక్టోపాస్కల్ అంటే సుమారు 9 మీటర్లు. 6 తగ్గాలంటే ఎత్తు 50 మీటర్లకు పైగా తప్పాలి. పైగా అప్పుడు తేడా రోజంతా ఒకేలా ఉండాలి. అది కాదు.

రెండోది వేడి, ఎందుకంటే సముద్రమట్ట సవరణ లెక్కలో ఉష్ణోగ్రత కూడా ఉంది. వైఫై బోర్డు పక్కనే ఉండటంతో మన సెన్సర్ బీఎమ్‌ఈ280 ఉష్ణోగ్రత 6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. 15 సెంటీమీటర్ల తీగతో దూరం జరిపితే నిజమైన 15, 35 డిగ్రీలు వచ్చాయి, అంకెలు 1012.4, 1008.3 అయ్యాయి. మధ్యాహ్నం ఇంకా దాదాపు 5 లోటే.

అసలు సంగతి: మన కోడ్ ఆ పూట ఉష్ణోగ్రతతో లెక్కిస్తోంది, అలా వచ్చే సముద్రమట్ట పీడనం పేరు క్యూఎఫ్‌ఎఫ్. వాతావరణ పటాల్లో సమభార రేఖలు గీసేది దాంతోనే. మెటార్ ఇచ్చేది క్యూఎన్‌హెచ్ అనే మరో రకం. అది ఆ రోజు ఎండను పట్టించుకోదు. సముద్రమట్టంలో 15 డిగ్రీలు, కిలోమీటరుకు 6.5 తగ్గుదల అనే ప్రామాణిక వాతావరణంతోనే లెక్క. విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ స్కేలు దాని ప్రకారమే గీసింది కాబట్టి, క్యూఎన్‌హెచ్ పెడితే రన్‌వే మీద అది రన్‌వే ఎత్తే చూపిస్తుంది. రెండూ సముద్రమట్ట పీడనాలే, లెక్కలే వేరు.

మెటార్‌తో పోల్చాలంటే: ఎత్తును 44330తో భాగించి, 1లోంచి తీసేసి, 5.255 ఘాతం వేయాలి. 540 మీటర్లకు 0.9376 వస్తుంది. 950.0ని దాంతో భాగిస్తే 1013.2. సరిపోయింది!

మిగిలిన 0.2ను ఆఫ్‌సెట్‌తో (ప్రతి కొలతకూ ఒకే సవరణ కలిపి) సరిచేయకండి. మెటార్‌లో దశాంశాన్ని కిందికే కుదిస్తారు; 1013.9 అయినా క్యూ1013 అనే వస్తుంది. సగటున అర హెక్టోపాస్కల్ మనది ఎక్కువ ఉండటమే సరైన గుర్తు.



ఏ లెక్కో చెప్పకుండా ఉత్త 'పీడనం' అని చూపించే ఫోన్ యాప్‌లను పోలికకు అసలు వాడొద్దు. పీడనం పెరుగుతోందా, పడుతోందా చూడటానికి బీఎమ్‌ఈ280 చాలు. మెట్లెక్కుతూ పీడనం తగ్గడాన్ని కొలిచే ప్రయోగానికి చాలదు: అంతస్తుకు 3 మీటర్లంటే 0.33 తేడా, దాని సాపేక్ష ఖచ్చితత్వం (రెండు కొలతల తేడాలో ఉండగల పొరపాటు) ±0.12. మరో పీడన సెన్సర్ బీఎమ్‌పీ390ది ±0.03, అందుకే తర్వాతి వంతు దానిది. రెండు కావాలి, ఉదయం 10 దాటాక పీడనం తనంతట తనే పడుతుంది కాబట్టి ఒకటి కింద కదలకుండా ఉండాలి, రెండోది మెట్లెక్కాలి.