నీ ప్రార్థన వినబడినది

జెకర్యా అనే పేరుకి హెబ్రీ భాషలో "యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు" అని అర్థం. లూకా సువార్త మొదటి అధ్యాయాన్ని ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చదివి చూడండి.

పిల్లలు లేని ఇల్లు. భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్లయిపోయారు. ఆ ఇంటాయన్ని ఎవరు పిలిచినా "యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు" అనే పిలవాలి. వేరే దారి లేదు, ఆయన పేరే అది. పెళ్లయిన కొత్తలో ఆ పేరు వాగ్దానంలా వినిపించి ఉంటుంది. ఏళ్లు గడిచి, ఇక పిల్లలు పుట్టే వయసు కూడా దాటిపోయాక, గుమ్మం బయట నుంచి ఎవరో అదే పేరుతో కేకేస్తే ఆ మనిషికి లోపల ఎలా ఉండేదో! ఎలీసబెతు ఆ పేరుతో భర్త గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆమెకి ఎలా ఉండేదో.

వాళ్లకి పిల్లలు లేరని లూకా 7వ వచనంలో చెప్తాడు. దానికంటే ముందు, 6వ వచనంలో, వాళ్లిద్దరూ "దేవుని దృష్టికి నీతిమంతులై యుండిరి" అని చెప్తాడు. ఈ వరుస నాకు చాలా ఓదార్పు. ఎందుకంటే దేవుడు మర్చిపోయాడనిపించినప్పుడు విశ్వాసి మొట్టమొదట వెతుక్కునేది తన తప్పునే. నాలో ఏదో లోపం ఉండబట్టే ప్రార్థన పైకి వెళ్లట్లేదు అనుకుంటాం. పక్కవాళ్లు కూడా మంచి మనసుతోనే, "ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకోండి" అంటారు. ఎలీసబెతు మనుష్యుల మధ్య తనకున్న అవమానం గురించి తర్వాత ఒక మాట అంటుంది. అంటే ఆ చూపులన్నీ ఆమె భరించిందన్నమాట. లూకా మాత్రం మనకి ఆ అనుమానం రాకముందే దాన్ని కొట్టేశాడు. వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఇల్లు ఖాళీగానే ఉంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండగలవు.

ఇక ఆ రోజు. యాజకులు 24 తరగతులుగా ఉండేవాళ్లు, జెకర్యాది అబీయా తరగతి. దావీదు కాలంలో చీటీలు వేసినప్పుడు ఆ తరగతికి వచ్చింది ఎనిమిదో చీటీ. ఒక్కో తరగతిలో యాజకులు చాలామంది, ధూపం వేసే పని మాత్రం చీటీ ఎవరికొస్తే వాళ్లదే. ఒకసారి ఆ భాగ్యం దక్కినవాళ్లు మళ్లీ ఆ చీటీకి నిలబడేవాళ్లు కాదని యూదుల సంప్రదాయం చెప్తుంది. అంటే ముసలితనం వచ్చేదాకా ఆయనకి ఆ చీటీ కూడా రాలేదు! అక్కడ కూడా వేరేవాళ్ల పేర్లే వస్తూ ఉంటే ఏళ్ల తరబడి చూస్తూ నిలబడ్డాడు. అయినా తన వంతు వారం వచ్చినప్పుడల్లా దేవాలయానికి వెళ్లడం మానలేదు.

పరిశుద్ధ స్థలం లోపల ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా తెర, ఆ తెర ముందు బంగారు ధూపవేదిక. ఒక పక్క దీపస్తంభం వెలుగు. నిప్పుల మీద సుగంధ ద్రవ్యం పడగానే పొగ లేస్తుంది. బయట జనమంతా ప్రార్థన చేస్తున్నారు. వాళ్లందరి ప్రార్థనలకి గుర్తుగా ఆ పొగ లేపుతున్న చేతులు ఆయనవి. సొంత ప్రార్థనకి జవాబు రాని మనిషి, అందరి ప్రార్థనల దగ్గర సేవ చేస్తున్నాడు. సంఘంలో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో మనకి తెలుసు. వేరేవాళ్ల కోసం మోకాళ్లూని, వాళ్ల సాక్ష్యాలు విని స్తోత్రం చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకునేవాళ్లు.

ధూపవేదిక కుడివైపున దూత నిలబడి అన్నాడు: "జెకర్యా, భయపడకుము, నీ ప్రార్థన వినబడినది."

ఏ ప్రార్థన? ఇశ్రాయేలు విమోచన కోసం చేసిన ప్రార్థన అని కొందరు వివరిస్తారు. అదీ ఉండొచ్చు. కానీ దూత వెంటనే "నీ భార్యయైన ఎలీసబెతు" అంటూ, ఆమెకి కొడుకు పుడతాడనీ అతనికి యోహాను అని పేరు పెట్టాలనీ చెప్తున్నాడు కాబట్టి నాకైతే బిడ్డ కోసం చేసిన ఆ పాత మనవే అనిపిస్తుంది. జెకర్యా జవాబు చూడండి: "నేను ముసలివాడను." ఆ ఉదయం కూడా బిడ్డ కోసం అడిగి వచ్చినవాడు ఇలా మాట్లాడడు. ఆ ప్రార్థన ఎప్పుడో ఆపేసి ఉంటాడు. ఆయన ఆపేశాడు గానీ, ఆ ప్రార్థనకి దేవుని సన్నిధిలో కాలం చెల్లిపోలేదు. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా దగ్గర ఒక ప్రార్థన నోట్‌బుక్ ఉంది. ఈమధ్య దాన్ని మొదటి నుంచి తిరగేశాను. ఒక మనవి చాలా పేజీల్లో మొదటి లైన్‌లో ఉంది, పక్కన అండర్‌లైన్‌తో సహా. కొన్నాళ్లకి నాలుగో లైన్‌లోకి వెళ్లింది. తర్వాత ఆ మనిషి పేరు ఒక్కటే, అదీ అన్నిటికంటే కింద. తర్వాత పేజీల్లో అసలు లేదు. ఏ రోజున ఆపానో ఎంత వెతికినా దొరకలేదు. కోపంతో ఆపలేదు. అలసిపోయాను, అంతే. అడిగిన ప్రతిసారీ గుండె బరువెక్కేది, ఆ టెన్షన్ పడలేక మెల్లగా పక్కన పెట్టేశాను. ఆ పేజీలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. "నీ ప్రార్థన వినబడినది" అన్న మాట నాకు ఆ రోజు వేరేగా వినిపించింది.

దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు అని బైబిల్లో ఉన్నచోటల్లా, అంతకుముందు మర్చిపోయాడని కాదు. నోవహు సంగతే చూడండి. ఓడ తలుపు యెహోవాయే మూశాడు. అక్కడి నుంచి "బయటికి రా" అనే వరకు, ఏడాది పైన, దేవుడు నోవహుతో ఒక్క మాట మాట్లాడినట్టు ఆదికాండంలో రాసి లేదు. చుట్టూ నీళ్లు, లోపల జంతువులు, పైనుంచి మౌనం. ఆ మౌనం మధ్యలోనే 8వ అధ్యాయం మొదట్లో "దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనెను" అని వస్తుంది, వెంటనే గాలి వీస్తుంది, నీళ్లు తగ్గడం మొదలవుతుంది. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మూలుగు విని దేవుడు తన నిబంధనను జ్ఞాపకం చేసుకుంటే, ఆ తర్వాతి అధ్యాయంలోనే మోషే ముందు పొద మండుతుంది. హన్నాను జ్ఞాపకం చేసుకుంటే సమూయేలు పుడతాడు. దేవుడు జ్ఞాపకం చేసుకోవడం అంటే లేచి పనిలోకి దిగడం. చెరసాలలో ఉన్న యోసేపును మర్చిపోయింది ఫరోకి గిన్నె అందించే పానదాయకుల అధిపతి. నిండా రెండేళ్లు మర్చిపోయాడు. మనుషులు మర్చిపోయినప్పుడు కలిగిన నొప్పిని మనం చాలాసార్లు దేవుని మీద వేస్తాం.

అలాగని ఎదురుచూపు తేలికని నేను అనలేను. "ఎంతకాలం నన్ను మరచిపోతావు?" అని దావీదు 13వ కీర్తనలో సూటిగా అడిగాడు. ఆ ప్రశ్నను దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. కాబట్టి మీకూ అలా అడగాలనిపిస్తే అడగండి. ఆయనకే చెప్పే ఫిర్యాదు కూడా ప్రార్థనే.

జెకర్యా నమ్మలేకపోయాడు, నోరు మూగబోయింది. కానీ దేవుడు తన మాట వెనక్కి తీసుకోలేదు. "మనము నమ్మదగనివారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును" అని పౌలు రాసింది ఇలాంటి చోట్లే నాకు బాగా అర్థమవుతుంది. బిడ్డ పుట్టాడు. ఎనిమిదో రోజున బంధువులంతా తండ్రి పేరే పెట్టబోయారు. ఎలీసబెతు ఒప్పుకోలేదు. సైగలు చేసి తండ్రిని అడిగారు. ఆయన పలక తెమ్మని దాని మీద "వాని పేరు యోహాను" అని రాశాడు. యెహోవా కృప చూపాడని ఆ పేరుకి అర్థం. అప్పుడు నోరు తెరుచుకుంది.

అన్ని నెలల తర్వాత మాట వచ్చిన తండ్రి ముందుగా ఏం మాట్లాడాడో చూడండి. ఆయన పాట 12 వచనాలు. అందులో "ఓ శిశువా" అని బిడ్డతో నేరుగా మాట్లాడేసరికి 76వ వచనం వస్తుంది. అంతకుముందంతా దేవుడు దావీదు ఇంటికి ఇచ్చిన మాట గురించి, అబ్రాహాముతో చేసిన ప్రమాణం గురించి. దేవుడు తన పరిశుద్ధ నిబంధనను, ప్రమాణాన్ని జ్ఞాపకం చేసుకున్నాడని పాడాడు. జ్ఞాపకం అన్నది ఆయన పేరులో ఉంది. ప్రమాణం అన్నది ఎలీసబెతు పేరులో ఉంది, "నా దేవుడు ప్రమాణం" అని. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్న పేర్లే ఆయన పాటలోకి వచ్చేశాయి.

ఆ యోహాను తర్వాత చెరసాలలో పడ్డాడు, అక్కడే తల నరికించుకున్నాడు. ఇది దాచి ఈ కథ చెప్పకూడదు. పిల్లల కోసం కన్నీళ్లతో అడిగి, పిల్లలు లేకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిన నీతిమంతులూ ఉన్నారు. దేవుడు అడిగిందల్లా ఇస్తాడని జెకర్యా పాడలేదు. ఇచ్చిన మాట తప్పడని పాడాడు. నేను పట్టుకోగలిగింది కూడా అదే, నా మనవికి ఆయన ఏ జవాబిస్తాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవాళ పొద్దున నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి ఆ పేరు మళ్లీ రాశాను. మొదటి లైన్‌లోనే.