లోయర్ లోబ్ ఉండేది వీపు వైపు

కుడి ఊపిరితిత్తికి నెమ్ము (న్యుమోనియా) చేసి వచ్చిన జ్వరం, దగ్గు పోయాయి. ఆరు వారాలకు తీసిన ఎక్స్‌రే తేటగా వచ్చింది. ఆ రాత్రి గురించి ఇప్పుడు రాయగలను.

కుడి డొక్కలో పోటు. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. డ్యూటీ డాక్టర్ పడుకోబెట్టి, చొక్కా మీదుగానే ఛాతీ ముందు రెండు చోట్ల స్టెతస్కోప్ ఆనించి, "లంగ్స్ క్లియర్, గ్యాస్ నొప్పి" అని వెళ్లిపోయారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఊపిరితిత్తిలోని పెద్ద భాగాలను లోబులంటారు; కుడివైపు అవి మూడు: అప్పర్ (పైది), మిడిల్ (మధ్యది), లోయర్ (కిందిది). ముందు నుంచి వినబడేది ఎక్కువగా అప్పర్ లోబ్. కుడివైపు నాలుగో పక్కటెముక కిందైతే మిడిల్ లోబ్. లోబులను విడదీసే పెద్ద గాడి వెనక రెక్క ఎముకల మధ్య ఎత్తులో మొదలై, ముందు ఆరో పక్కటెముక దాకా ఏటవాలుగా దిగుతుంది. కాబట్టి లోయర్ లోబ్ చాలావరకు వీపు వైపే ఉంటుంది. దాని అడుగు డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొరను, ఆనుకుని ఉంటుంది గనక అక్కడ నెమ్ము చేరితే కడుపునొప్పిలా అనిపించొచ్చు.

తెల్లవారుజామున నర్సమ్మ నా రక్తంలో ఆక్సిజన్ 89 శాతమే ఉండటం చూసి, నన్ను లేపి కూర్చోబెట్టి, పెద్ద డాక్టరును పిలిపించింది. ఆ తల్లి రుణం తీరేది కాదు. ఆయన వీపు మీద, కుడి రెక్క ఎముక కొన కింద విన్నారు. ఊపిరి పీల్చే చివర్లో చిటపటలు. చెవి దగ్గర వెంట్రుకలు వేళ్లతో నలిపితే అచ్చం అలాగే వినబడుతుంది. తర్వాత ఇంజెక్షన్లు, సెలైన్లు మామూలే.

రిపోర్టులో "రైట్ లోయర్ జోన్, కన్సాలిడేషన్" అని చూసి బంధువొకాయన "సగం ఊపిరితిత్తి పోయిందట" అనేశారు. ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం ముట్టలేదు. కన్సాలిడేషన్ అంటే గాలి సంచుల్లో గాలికి బదులు ద్రవమో చీమో నిండటం. చాలామందికి మందులతో కరిగిపోతుంది. ఇక జోన్ వేరు, లోబ్ వేరు. జోన్లు ఎక్స్‌రే మీద అడ్డంగా చేసుకున్న మూడు భాగాలు. ఎడమ ఊపిరితిత్తికి రెండే లోబులు, అయినా మిడ్ జోన్ ఉంటుంది. కుడి లోయర్ జోన్‌లో మచ్చ మిడిల్ లోబ్‌ది కూడా కావొచ్చు: గుండె కుడి అంచు చెరిగితే మిడిల్ లోబ్‌ను, డయాఫ్రమ్ గీత చెరిగితే లోయర్ లోబ్‌ను అనుమానిస్తారు. నాకు చెరిగింది డయాఫ్రమ్ గీత.

జ్వరంతో డొక్కలో పోటు వస్తే, "వీపు మీద కూడా వినండి డాక్టరుగారూ" అని మొహమాటపడకుండా అడగండి. చొక్కా తీసి, నోటితో లోతుగా పీల్చాలి. లేచి కూర్చోలేనివాళ్లనైతే పక్కకు తిప్పి పట్టుకోండి.