గురువారం చివరి పీరియడ్

మా ఊళ్లో హైస్కూలుకీ శాఖా గ్రంథాలయానికీ మధ్య ఒక రోడ్డు, ఒక టీ కొట్టు ఉన్నాయి, అంతే. అయినా నేను చదువుకున్న రోజుల నుంచీ బడిపిల్లలు ఆ గుమ్మం ఎక్కేది ఏడాదికి ఒక్క వారమే. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, వ్యాసరచన, వక్తృత్వం, ఫొటోలు, గెలిచినవాళ్లకి స్టీలు గ్లాసులు (పుస్తకం ఇవ్వచ్చని ఎందుకో ఎవరికీ తోచదు). 21 నుంచి మళ్లీ పేపర్ చదివే తాతలే.

రెండేళ్ల కిందట నన్ను బడి కమిటీలో వేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, ఉన్నాం కూడా, మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టి టీ తాగి వచ్చేస్తాం. ఒకసారి మాత్రం ఊరుకోలేక అడిగాను, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, మరి మన పిల్లలు అక్కడికి ఎందుకు వెళ్లడం లేదు అని. పిల్లలకి ఫోన్ల పిచ్చి అన్నారు ఒకరు. అసలు సంగతి చెప్పింది ఏడో తరగతి పిల్ల: "అది 4 గంటలకి తీస్తారండీ, మా ఆటో 4:10కి వెళ్లిపోద్ది."

ఇంత చిన్న విషయం ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదంటే సిగ్గేసింది. 1935 ప్రాంతంలో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని జనం దగ్గరికే వెళ్లారు, మనం రోడ్డు దాటించలేకపోతున్నాం.

హెచ్‌ఎం మేడమ్ గురువారం చివరి పీరియడ్ ఇస్తానన్నారు, లైబ్రేరియన్ సారు ఆ ఒక్కరోజు ముప్పావు గంట ముందు తాళం తీస్తానన్నారు. ఇక అయిపోయిందనుకున్నా గానీ, పుస్తకం పోతే డబ్బు ఎవరు కట్టాలనే దగ్గర రెండు నెలలు ఆగింది. బడి కట్టదు, సారు జేబులోంచి కట్టలేరు, పిల్లలు డిపాజిట్ కట్టలేరు. చివరికి కమిటీలో తలా కొంత వేసుకుని పిల్లల పేర్న డిపాజిట్ కట్టాం. మొదటి ఏడాది పోయినవి మూడే పుస్తకాలు, అందులో ఒకటి మా వాడే పోగొట్టాడు.

తాతలు మొదట విసుక్కున్నారు, గోల చేస్తున్నారని. తర్వాత ఒకాయన, కంటి ఆపరేషన్ అయిన కొత్తలో, ఒక పిల్లాడిని పిలిచి "ఒరే, ఆ మార్కెట్ ధరలు చదువు" అన్నారు. వాడు క్వింటాల్‌ని తడబడి ఏదో అన్నాడు, ఈయన దిద్దారు. ఆ పూట నుంచి వాడికి అదో డ్యూటీ. మిర్చి రేటు బళ్లో టీచర్లకి కూడా వాడే చెప్పేవాడు. బదులుగా బడిలో మూలన పడున్న బెంచీలు నాలుగు గ్రంథాలయానికి వచ్చాయి, రిజిస్టర్‌లో రాయించుకునే లెండి.

పోయిన వేసవిలో మేడమ్‌కి బదిలీ అయింది. కొత్త టైమ్‌టేబుల్‌లో గురువారం పీరియడ్ లెక్కలకి పోయింది. నిజం చెప్పాలంటే మేము కూడా గట్టిగా అడగలేదు, కొత్తవారితో మొదట్లోనే ఎందుకు గొడవని. ఆవిడ మంచితనం మీద నడిచిందే తప్ప ఎక్కడా తీర్మానం రాసుకోలేదు మరి, అది మా తప్పే.

జూలైలో ఒకరోజు బడికి వెళ్తే వరండాలో ముగ్గురు తాతలు కూర్చునున్నారు. ఏంటి ఇలా వచ్చారంటే, "పిల్లలు రావట్లేదేందయ్యా, హెచ్‌ఎంని అడుగుదామని" అన్నారు. కొత్త సారు అర్జీ రాసిమ్మన్నారట. కాగితం మీద ఏం రాయాలో తేలక ముగ్గురూ పోట్లాడుకుంటున్నారు, చదివి పెట్టడానికి ఆ మిర్చి రేటు పిల్లాడిని క్లాసులోంచి పిలిపించారు.