తడ్కా నహీ! కాశీలో మా తొమ్మిది రోజుల వంట

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలని అమ్మకి నాన్న పోయిన దగ్గర్నుంచీ ఉంది. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకి లెక్కగా కాశీలో తొమ్మిది రాత్రులుంటే మళ్ళీ ఆ గర్భవాసం ఉండదని మనవాళ్ళ నమ్మకం కదా. సరే వెళ్దాం అనేశాను, ముందూ వెనకా చూసుకోకుండా. ఆ తర్వాత ఒక్కో సంగతీ బయటికొచ్చింది. అమ్మకి డెబ్భై ఆరేళ్ళు, సుగరు, బీపీ. ఉల్లి, వెల్లుల్లి ముట్టదు, హోటల్లో మంచినీళ్ళు కూడా తాగదు. తోడుగా వస్తానన్న పిన్ని అన్నీ తింటుంది గానీ అక్క ముందు తినదు. పాపకి పరీక్షలని మా ఆవిడ రావడానికి లేదు. మరి తొమ్మిది రోజులు వంట ఎవరు చెయ్యాలి? నాకు టీ పెట్టడం వచ్చు. నీళ్ళ కొలత ఎవరైనా చెప్తే అన్నం పెట్టడం వచ్చు. అంతే.

తెలుగువాళ్ళ ఆశ్రమాల్లో దిగితే మన భోజనమే పెడతారు, ఈ గొడవే ఉండేది కాదు. కానీ కార్తీకంలో వెళ్దామని ఆశ్వయుజంలో ఫోన్ చేస్తే రూములు ఎక్కడుంటాయి? చివరికి కేదార్ ఘాట్ వెనక సందులో ఒక చిన్న లాడ్జి దొరికింది. ఫోన్లో నాకొచ్చిన హిందీలో మొట్టమొదట అడిగింది, రూములో వండుకోవచ్చా అని. లాడ్జి మేనేజర్ "చావల్ ఠీక్ హై, చాయ్ ఠీక్ హై, గ్యాస్ నహీ, తడ్కా నహీ" అన్నాడు. అన్నం పెట్టుకోండి గానీ పోపు పెట్టడానికి వీల్లేదని. ఎండుమిరపకాయ కాలిందంటే అంతస్తు అంతా దగ్గుతారు, ఆ వాసన దుప్పట్లకి పట్టి వారం పోదు, ఆయన బాధ ఆయనది. కొందరు అడక్కుండా వెళ్ళి తలుపులు బిడాయించుకుని దొంగతనంగా వండుతారు. నా మాట వినండి, ముందే అడగండి. అడిగితే సగం మంది సరేనంటారు, దొరికిపోతే మాత్రం ఎవరూ ఊరుకోరు.

పోపు లేకుండా మన వంట ఏం ఉంటుంది అని నేను నీరసపడితే మా ఆవిడ "పోపు ఇక్కడే పెట్టి పంపిస్తాను, అక్కడ కలుపుకోండి" అంది. అంతే, దారి దొరికింది. నువ్వులనూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తడి లేకుండా కరకరలాడేలా వేయించి, దండిగా ఇంగువ వేసి ఒక స్టీలు డబ్బాలో పోసింది. బొంబాయి రవ్వ దోరగా వేయించి అందులో ఇదే పోపు, ఉప్పు, రెండు చెంచాల నెయ్యి కలిపి ఇంకో డబ్బా. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి పులిహోరకి ఒక సీసా. కందిపొడి, కరివేపాకు కారం, ఉసిరికాయ పచ్చడి, వేయించిన పెసరపప్పు, సోనామసూరి బియ్యం. కందిపప్పు మాత్రం వద్దంది. మామూలు రైస్ కుక్కర్లో ప్రెషర్ ఉండదు కాబట్టి కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, పెసరపప్పయితే పావుగంటలో మెత్తబడుతుంది. ప్రతి డబ్బా మీదా ప్లాస్టర్ అంటించి కొలతలు రాసింది: 'ఉప్మా. 1 గ్లాసుకి 2న్నర నీళ్ళు. మరిగాకే పొయ్యాలి.' ఆ చేతిరాతే తొమ్మిది రోజులూ నాకు గురువు.

రూములో వంట అని మనం అంటాం గానీ, నిజానికి ముప్పాతిక వంట బయల్దేరకముందే అయిపోవాలి. అక్కడ చేసేది వేడినీళ్ళు పొయ్యడం, మూత పెట్టడం. ఇది తెలీక కూరగాయలు, కత్తులు, మసాలాలు మోసుకెళ్ళేవాళ్ళు మూడోరోజుకి విసిగిపోయి కచోరీల మీద పడతారు. కాశీ కచోరీ బావుంటుంది, కాదనను, అమ్మ పడుకున్నాక రెండుసార్లు తిన్నాను. ఆవనూనె వాసనే మనకి కొత్త.

సామాను విషయానికొస్తే, 700 వాట్ల రైస్ కుక్కర్, 1500 వాట్ల కెటిల్, ఒక పెద్ద హాట్‌ప్యాక్, మూడు స్టీలు కంచాలు, ఒక గరిటె, చాకు, గిన్నెలు తోముకునే పీచు. కట్ట అడ్డాకుల విస్తళ్ళు. గ్యాస్ స్టవ్ చిన్నది పట్టుకెళ్ళమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. రైల్లో గ్యాస్ సిలిండర్ తీసుకెళ్ళడం నేరం, 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిది మంది పోయింది దాంతోనే. ఆయనకి అదే చెప్పి దండం పెట్టాను. రైల్లో ఫోన్ చార్జింగ్ ప్లగ్గుకి కెటిల్ పెట్టడం కూడా అంతే తప్పు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు మొగల్‌సరాయిలో దిగాం. 2018 నుంచి ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, ఆటోవాళ్ళకి మాత్రం ఇప్పటికీ మొగల్‌సరాయే. గంగ వంతెన దాటుతుంటే అమ్మ ఆటోలోంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, నేను ఒళ్ళో కుక్కర్ పట్టుకుని ఉన్నాను కాబట్టి తల వంచాను.

మొదటిరోజు పెరుగుతోనే దెబ్బతిన్నాను. సందు చివర కొట్లో మట్టి కుల్హడ్‌లో గడ్డ పెరుగు, మీగడ కట్టి నోరూరేలా ఉంది. అరకిలో తెచ్చాను. అమ్మ అన్నంలో కలుపుకుని, ఉప్పు వేసుకుని, ఉసిరికాయ నంజుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. అది చక్కెర వేసి తోడుపెట్టిన పెరుగు. తియ్యటి పెరుగన్నంలో ఉసిరికాయ పచ్చడి, పైగా సుగరు మనిషి. "ఇదేంట్రా పాయసంలా ఉందీ" అంది. తిట్టలేదు, అదే ఇంకా కష్టం. అక్కడ పెరుగు కొనేటప్పుడు 'సాదా దహీ' అని అడగాలి, ఉత్తి 'దహీ' అంటే ఏదిస్తాడో చెప్పలేం.

రెండోరోజు కుక్కర్ సంగతి తెలిసింది. అన్నం దించి హాట్‌ప్యాక్‌లో సర్దేసి, అదే గిన్నెలో పెసరపప్పు, సొరకాయ ముక్కలు, పసుపు వేసి గిన్నె నిండా నీళ్ళు పోసి స్విచ్ నొక్కి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి మూత ఎగిరెగిరి పడుతోంది, పసుప్పచ్చ నురగ టీపాయ్ మీంచి కారి పిన్ని చెప్పులో పడుతోంది. గిన్నెలో సగానికి మించి పప్పూ నీళ్ళూ ఉండకూడదట, ఒక చెంచా నెయ్యి వెయ్యాలట, మూత కాస్త వారగా పెట్టాలట, మొదటి పది నిమిషాలు పక్కనే ఉండాలట. ఇవన్నీ మా ఆవిడ ఫోన్లో చెప్పింది, నవ్వు ఆపుకుంటూ. ఇంకోటి, అన్నమైతే నీళ్ళు ఇగిరిపోయి గిన్నె వేడెక్కగానే కుక్కర్ దానంతటదే ఆగుతుంది. పప్పు పల్చగా ఉన్నంతసేపు ఆగదు, ఉడుకుతూనే ఉంటుంది, కట్టెయ్యాల్సింది మనమే. ఉడికిన పప్పులో ఉప్పు, నిమ్మరసం, డబ్బాలో పోపు రెండు చెంచాలు. మూత పెట్టి ఐదు నిమిషాలాగితే ఇంగువ వాసన రూమంతా వచ్చింది, బయటికి మాత్రం రాలేదనుకున్నాను. మేనేజర్ మాటా నిలబడింది, మన పప్పూ దక్కింది.

మూడోరోజు తెల్లవారుజామున గంగాస్నానం చేసొచ్చి చలికి వణుకుతున్నారని బాత్రూములో గీజర్ వేశాను, కాఫీకి కెటిల్ పెట్టాను, అదే ఊపులో కుక్కర్ కూడా నొక్కాను. టప్ మని కరెంటు పోయింది. మా రూమే కాదు, అంతస్తు మొత్తం. బయట ఎవరో గుజరాతీలో, ఇంకెవరో బెంగాలీలో అరుస్తున్నారు. మేనేజర్ టార్చి పట్టుకుని పైకొచ్చి, మా టీపాయ్ మీద వరసగా ఉన్న సరంజామా చూసి, ఏమనాలో తెలీక అమ్మ వైపు తిరిగి "మాతాజీ, ఏక్ ఏక్ కర్‌కే" అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండమ్మా అని. ఇంట్లో కూడా ఇదే లెక్క, మనం పట్టించుకోం అంతే. రూముల్లో మామూలు ప్లగ్గులు 6 ఆంపియర్లవి, అంటే సుమారు 1380 వాట్ల దాకా, 1500 వాట్ల కెటిలే దానికి ఎక్కువ. ఆరోజునుంచి గీజర్ పక్కన ఉన్న పెద్ద సాకెట్‌లోనే కెటిల్, అది తీశాకే కుక్కర్.

కెటిల్‌లో నీళ్ళు తప్ప ఇంకేమీ కాచకూడదు. ఇది పిన్నికి చెప్పడం మర్చిపోయాను. ఒక సాయంత్రం నేను హారతికి దశాశ్వమేధ ఘాట్‌కి వెళ్తే ఆవిడ అరలీటరు పాలు అందులో పోసింది. నీళ్ళయితే ఆవిరి తగిలి స్విచ్ పడిపోతుంది, పాలు అంతకంటే ముందే పొంగి పైకొచ్చేస్తాయి. అడుగున గోధుమరంగు పొర కట్టింది. నిమ్మచెక్క వేసి మూడుసార్లు మరిగించినా మిగతా రోజులన్నీ కాఫీలో మాడిన కోవా వాసనే. "బానే ఉందిరా, కాశీ కాఫీ" అని పిన్ని సమర్థించుకుంది.

ఇక కోతులు. కిటికీకి ఊచలున్నాయి గానీ ఊచల మధ్య సందుంది. సాదా పెరుగు కుల్హడ్ కిటికీ గట్టున చల్లగా ఉంటుందని పెడితే, ఒక పెద్ద కోతి చెయ్యి దూర్చి, తొందరేం లేకుండా, చుట్టాలింట్లో చేయి కడుక్కుని కూర్చున్నవాడిలా రెండు వేళ్ళతో మీగడ తీసుకుని తిని, ఖాళీ ముంత కిందికి విసిరేసింది.

కూరగాయలకి పిన్నిని తీసుకెళ్ళేవాణ్ణి. హిందీ ఒక్క ముక్క రాదు, అయినా సొరకాయని గోటితో గిచ్చి చూసి ముదురో లేతో తేల్చేది, అక్కడ కూరగాయలమ్మేవాడికి ఆ గిచ్చడం బాగా అర్థమైంది, ఏమీ అనలేదు. సొరకాయ, టమాటా, పాలకూర, ఇవే మా తొమ్మిది రోజుల కూరలు. పొట్లకాయ పిల్లల్లా ఉండే పర్వల్ కూడా ఒకరోజు తెచ్చాం, వేయిస్తే బావుంటుందేమో, పప్పులో ఉడికిస్తే గింజలు పంటికి తగిలాయి. రాత్రిళ్ళు అటుకులు కడిగి పులిహోర గుజ్జు కలిపేసేవాళ్ళం, లేదా ఉప్మా. ఉప్మాకి అసలు కుక్కరే అక్కర్లేదు, హాట్‌ప్యాక్‌లో రవ్వ వేసి, మరిగిన నీళ్ళు ఉండ కట్టకుండా గరిటెతో తిప్పుతూ పోసి, మూత బిగించి పది నిమిషాలు మర్చిపోవాలి. తీస్తే పొడిపొడిగా, నెయ్యి వాసనతో. పక్క రూములో ఉన్న అనకాపల్లి వాళ్ళావిడ చూసి కొలత రాసుకుంది. నాకు చెప్పలేనంత గర్వం.

గిన్నెలు తోమడం గురించి ఎవరూ చెప్పరు గానీ అసలు కష్టం అదే. వాష్‌బేసిన్‌లో నాలుగు మెతుకులు పడ్డాయంటే నీళ్ళు నిలిచిపోతాయి. విస్తట్లో మిగిలింది కవర్లో వేసి, గిన్నె ముందు కాగితంతో తుడిచి, అప్పుడు బాత్రూములో కడగాలి.

ఐదోరోజు దర్శనానికి మూడు గంటలు లైన్లో నిలబడి, తిరిగొచ్చేసరికి రెండున్నర. కుక్కర్ పెడదామంటే కరెంటు లేదు. అందరికీ ఆకలి. అమ్మ మంచం మీద కూర్చుని "వ్యాసుడంతటి వాడికే కాశీలో అన్నం దొరక్కపోతే ఒళ్ళు మండి ఊరిని శపించబోయాడు, మనమెంత" అంది. అన్నపూర్ణమ్మ ముత్తయిదువ రూపంలో వచ్చి పిలిచి అన్నం పెట్టిందనీ, శివుడు మాత్రం ఆయన్ని గంగకి అవతలి ఒడ్డుకి పంపించేశాడనీ, ఆ కథంతా చెప్పి, చివర్న నా వైపు చూసి "నువ్వేం శపించకు, అటుకులు తీయి" అంది. మర్నాడు మాత్రం అన్నపూర్ణ గుడి అన్నక్షేత్రానికి తీసుకెళ్తే కాదనకుండా కూర్చుని తింది. హోటల్ వేరు, అమ్మవారి ప్రసాదం వేరు. ఉల్లిపాయ ఉందా అని కూడా అడగలేదు. ఆ ఒక్క పూటే నాకు సెలవు.

ఏడోరోజు గయ. రాత్రి మళ్ళీ కాశీలోనే పడుకోవాలి కాబట్టి చీకటితోనే కారులో వెళ్ళి అర్ధరాత్రికి తిరిగొచ్చాం. నాన్నకి పిండం పెట్టాక కాయా పండూ వదలమంటారు కదా. నేను కాకరకాయ అన్నాను. అమ్మ నా మొహం వంక చూసి "నువ్వు పుట్టి ఇన్నేళ్ళలో కాకరకాయ ఎప్పుడు తిన్నావురా వదలడానికి" అంది. పంతులుగారు కూడా నవ్వారు. చివరికి దొండకాయ, సీతాఫలం వదిలాను. దొండకాయ వేపుడు నాకూ నాన్నకీ ఇద్దరికీ ప్రాణం. తన సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తొమ్మిదో రాత్రి అయ్యాక ఐదు కిలోల బియ్యంలో రెండు కిలోలు మిగిలాయి, రూములు తుడిచే అమ్మాయికి ఇచ్చేశాం. పోపు డబ్బా అడుగున నాలుగు ఆవగింజలు, కాస్త ఇంగువ పొడి. మేనేజర్ ఖాతా చూస్తూ, మా రూములోంచి రోజూ వచ్చిన ఆ వాసన ఏమిటని అడిగాడు. తడ్కా అయితే కాదు అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ బ్యాగు విప్పి ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటోంది. కుక్కర్ ఉంది, కెటిల్ ఉంది, వాసన చూసి పక్కన పెట్టింది, డబ్బాలన్నీ ఉన్నాయి. "గరిటేదీ?" అంది. బాత్రూము కిటికీ గట్టు మీద ఆరబెట్టింది అలాగే ఉండిపోయింది. పిన్ని సోఫాలోంచి అంది: "కాయో పండో వదలమంటే వీడు గరిటె కూడా వదిలేసొచ్చాడే."