లీ-ఎన్‌ఫీల్డ్ బ్యారెల్‌కి కొత్త చెక్క తొడుగు: నా అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌ని పక్కనుంచి చూస్తే బ్యారెల్, అంటే గుండు బయటికొచ్చే ఉక్కు గొట్టం, దాదాపు కనబడదు. 25.2 అంగుళాల పొడవునా, పైనా కిందా చెక్కే ఉంటుంది. చివర్లో నోస్‌క్యాప్ అనే ఉక్కు టోపీ. ఇదంతా అందం కోసం చేసింది కాదు. ఆ రోజుల్లో బ్రిటిష్ సిపాయిలు 300 గజాల దూరంలోని గురి మీద నిమిషానికి 15 గుండ్లు కాల్చడం సాధన చేసేవాళ్లు. ఆ వేగంతో కాలిస్తే ఉక్కు గొట్టం చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిపోతుంది. బ్యారెల్ పైన ఉండే చెక్క తొడుగులే హ్యాండ్‌గార్డులు. ముందొకటి, వెనకొకటి.

మా బాబాయి దగ్గరున్నది పేలకుండా చేసేసిన రైఫిల్. ప్రదర్శనకి తప్ప దేనికీ పనికిరాదు. దాని వెనక హ్యాండ్‌గార్డ్ విరిగిపోయింది. నాకు వడ్రంగం వచ్చు కాబట్టి, "నువ్వే ఒకటి చేసిపెట్టరా" అన్నారు. మార్కెట్లో దొరికే నకళ్లు నాలుగైదు చూసి, ఒక్కటీ నచ్చక, సరేనన్నాను.

చెక్క కొనేముందు అసలు ఈ రైఫిల్ ఏదో తేల్చుకోవాలి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో వెనక చెక్క బట్‌ని పట్టుకునే ఇనప భాగానికి కుడివైపున వివరాలన్నీ కొట్టి ఉంటాయి. మాదాని మీద కిరీటం, జార్జ్ రాజు గుర్తుగా జి.ఆర్. అక్షరాలు, ఎన్‌ఫీల్డ్, 1917, మార్క్ త్రీ స్టార్ అని ఉంది. స్టార్ అంటే యుద్ధకాలంలో ఉత్పత్తి త్వరగా సాగడానికి కొన్ని భాగాలు ఎత్తేసిన రకం. మ్యాగజైన్‌లోని గుండ్లు పైకి రాకుండా ఆపే రేకు, అంటే మ్యాగజైన్ కటాఫ్, ఉండదు; దూరపు గురి కోసం పక్కన ఉండే వాలీ సైట్లు ఉండవు. ఫ్యాక్టరీ పేరు తెలిస్తే చెక్క సంగతి తేలుతుంది. ఇంగ్లండ్‌లో చేసిన ఆ కాలపు రైఫిళ్లకి వాల్‌నట్. ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో కోచ్‌వుడ్, క్వీన్స్‌లాండ్ మేపుల్ కూడా వాడారు. కోచ్‌వుడ్ మెత్తన కాబట్టి, రైఫిల్ వెనక్కి తన్నే చోట చెక్కలో రాగి పలకలు బిగించారు. మన బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్లలో ముందు చెక్కకి అడ్డంగా బలం కోసం ఒక స్క్రూ కనిపిస్తుంది. ఒక ఫ్యాక్టరీ రైఫిల్‌కి ఇంకో ఫ్యాక్టరీ చెక్క పెడితే ఎక్కడానికి ఎక్కుతుంది గానీ, తెలిసినవాడి కంటికి ఇట్టే దొరికిపోతుంది.

ఇంకో మాట. సరదాపడి రైఫిల్ మొత్తం విప్పేయకండి. వెనక బట్‌ని పట్టి ఉంచే పొడవాటి బోల్టు కొస చదరంగా ఉండి ముందు చెక్కలోని ఒక ప్లేటులోకి దూరి ఉంటుంది. ముందు చెక్క తియ్యకుండా ఆ బోల్టు తిప్పితే చెక్క వెనక భాగం చీలిపోతుంది. పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లలో ఆ పగుళ్లకి కారణం చాలాసార్లు యుద్ధం కాదు, స్క్రూడ్రైవరే.

వెనక హ్యాండ్‌గార్డ్ చిన్న ముక్కే. కానీ తీరు కష్టం. లోపల రివెట్లతో బిగించిన స్ప్రింగు క్లిప్పులు బ్యారెల్‌ని పట్టుకుంటాయి. గురి చూసే రేర్ సైట్‌కి రెండు పక్కలా సన్నటి చెవుల్లా చెక్క ముందుకు సాగి ఉంటుంది. విరిగేవి ఆ చెవులే. మాదానికీ అవే పోయాయి. అందుకే చెక్క ఎంచుకునేటప్పుడు రంగు కన్నా రేఖలు ముఖ్యం. రేఖ ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా పోవాలి. మధ్యలో పక్కకి తిరిగిందా, సరిగ్గా ఆ చెవుల దగ్గరే పుటుక్కుమంటుంది. అందమైన సుడులున్న వాల్‌నట్ ముక్క ఒకటి దొరికింది. బాబాయికి తెగ నచ్చింది. పక్కన పెట్టేయమన్నాను. సైన్యానికి సుడులతో పనిలేదు, బలంతో పని.

బయటి ఆకారం చిత్రికతో, ఆకురాయితో తొందరగానే వచ్చేసింది. అసలు పనంతా లోపలి గాడిలో ఉంది. బ్యారెల్ వెనక లావు, ముందుకి పోయేకొద్దీ సన్నం. గాడి కూడా అలాగే తగ్గుతూ రావాలి. బ్యారెల్ మీద దీపపు మసి నూనెలో కలిపి పలచగా పూసి, చెక్కని పైన ఆనించి తీస్తే, ఎక్కడ ఎత్తు ఉందో అక్కడ నల్లగా అంటుకుంటుంది. ఆ నల్ల మచ్చ వరకే గుండ్రటి ఉలితో గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ ఆనించాలి. మొదట్లో రెండు చుక్కలు, తర్వాత గీతలు, చివరికి ఎక్కడా అంటదు. అక్కడితో ఆగకుండా ఇంకొంచెం తీశాను. ఎందుకంటే హ్యాండ్‌గార్డ్ క్లిప్పులతో నిలబడాలి గానీ చెక్కతో బ్యారెల్‌ని నొక్కకూడదు. కాల్చే రైఫిల్‌లో అయితే వేడికి ఉక్కు సాగుతుంది. చెక్క ఒకవైపు నొక్కితే గుండు దారి మారుతుంది. మాది కాలేది కాదు, నిజమే. అయినా పని పనిలాగే చెయ్యాలనిపించింది.

క్లిప్పులు పాతవే వాడాను. విరిగిన చెక్కలోంచి రివెట్ల తలలు అరగదీసి తీస్తే స్ప్రింగులు చక్కగా బయటికొచ్చాయి. కొత్తగా కొన్న క్లిప్పులు మరీ బిగువు. వాటితో హ్యాండ్‌గార్డ్ ఎక్కించేటప్పుడే చెక్క చీలే ప్రమాదం ఉంది.

ముగింపుకి వార్నిష్ వద్దు. ఆ కాలంలో సైన్యం వాడింది పచ్చి అవిసె నూనె. ఆరడం ఆలస్యం, కానీ చెక్కలోకి దిగుతుంది. పలచగా రాసి, చేత్తో రుద్ది, మిగిలింది తుడిచేసి, పూర్తిగా ఆరాకే ఇంకో పూత. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఆ గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. నేను నీళ్లలో ముంచి, విప్పి ఆరేస్తాను.

ఈ పని చేశాక నకలు పట్టడం ఎంత తేలికైపోయిందో చెప్పలేను. పాత హ్యాండ్‌గార్డ్‌ని ఇప్పుడు ముందు లోపలి వైపే తిప్పి చూస్తాను. అసలుదానిలో నూనె, మురికి లోతుగా దిగి ఉంటాయి. గాడి నల్లబడి, ఇనుము తగిలిన చోట మాత్రమే అణిగి, ఆ ఇనుము ఆకారమే ముద్రపడి ఉంటుంది. నకలుకి రంగు పైపైన వేసింది. లోపల ఒక మూల గోటితో గీరితే తెల్లచెక్క బయటపడుతుంది. మరీ తెలివైనవాళ్లు లోపల కూడా రంగు వేస్తారు, కానీ అంతటా ఒకేలా వేస్తారు. నూరేళ్ల వాడకం అంతటా ఒకేలా మాయదు.

ఉక్కు భాగాలకీ ఇదే చూపు. బాబాయి ఈమధ్యే ఇంకొకటి సంపాదించారు, జంగిల్ కార్బైన్ అని, లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే పొట్టి రకం. అదీ పేలకుండా చేసిందే. అసలు పేరు నంబర్ 5 మార్క్ 1. 1944 నుంచి 1947 వరకు ఇంగ్లండ్‌లోని ఫాజకర్లీ, బి.ఎస్.ఏ. ఫ్యాక్టరీల్లో చేశారు. బ్యారెల్ పొట్టి కావడంతో మూతి దగ్గర మంట పెద్దది. అందుకని ఆ మంటని కప్పే గరాటా లాంటి ఫ్లాష్ హైడర్ పెట్టారు. అదే దానికి గుర్తు. సరిగ్గా అందుకే తర్వాతి కాలంలో వ్యాపారులు లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే మామూలు పొడవుండే నంబర్ 4 రైఫిళ్లని కోసి, నకలు గరాటాలు తగిలించి జంగిల్ కార్బైన్లుగా అమ్మారు.

"గరాటా ఉంది కదరా, ఇంకేం కావాలి?" అన్నారు బాబాయి.

"గరాటా చివర్న చూద్దాం బాబాయ్, ముందు మిగతాది చూడనివ్వు" అన్నాను.

అసలు నంబర్ 5లో బరువు తగ్గించడానికి ఎక్కడ వీలైతే అక్కడ ఇనుము తోడేశారు. తూటాని లోపలికి తోసే బోల్టుకి పిడి ఉంటుంది కదా, దాని చివరున్న ఉండకి బొరియ ఉంటుంది. ఆ బోల్టు కదిలే ఇనప భాగం, రిసీవర్, దాని పక్కల్ని చెక్కేశారు. హ్యాండ్‌గార్డ్ ఎత్తితే, బ్యారెల్ వెనకవైపు లావు భాగంలో కూడా తోడిన పల్లాలు కనిపిస్తాయి. నకలు చేసేవాడు ఆ పల్లాల జోలికి పోడు, ఎలాగూ చెక్క కింద దాగుతుంది కదా అని. రేర్ సైట్ మీద అంకెలు 800 గజాల దగ్గర ఆగాలి. మాదాని మీద 1300 దాకా ఉన్నాయి, అంటే అది నంబర్ 4 రైఫిల్ సైట్. హ్యాండ్‌గార్డ్ ఎత్తాను, పల్లాలు లేవు. ఇక గరాటా సంగతి. అసలుదాన్ని అడ్డపిన్నులతో బిగించారు. దీనికి చిన్న స్క్రూలు. లోపలివైపు పోత అతుకు గీత కూడా సన్నగా మిగిలిపోయింది.

బాబాయి ముఖం చిన్నబోయింది. కాసేపటికి, "పోనీ నువ్వే అసలుదాన్ని పోలిన గరాటా ఒకటి చేసి పిన్నులు కొట్టెయ్" అన్నారు. కుదరదన్నాను. చెక్క వేరు, మూతికి బిగించే ఇనుము వేరు. వాటిని తయారు చెయ్యడం మీద చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి, లైసెన్సు లేకుండా ఆ పని ముట్టుకోను. పైగా గరాటా మార్చినంత మాత్రాన ఆ బ్యారెల్‌కి పల్లాలు రావు.

హ్యాండ్‌గార్డ్ విషయంలోనూ మా ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. కిరీటం, కింద అక్షరం, అంకె ఉండే తనిఖీ ముద్ర కూడా కొడితే అచ్చంగా ఉంటుందని ఆయన పట్టు. నా మాట ఒకటే: ముద్ర లేకుంటే అది మంచి విడిభాగం, ఉంటే మోసం. ఇవాళ బాబాయికి తెలుసు, రేపు ఆయన దగ్గర కొనేవాడికి తెలియదు. చివరికి గాడి లోపల, క్లిప్పుల మధ్య, నా పొడి అక్షరాలు, చేసిన సంవత్సరం చెక్కాను. బిగించాక బయటికి కనబడవు. విప్పి చూసేవాడికి మాత్రం దొరుకుతాయి. కార్బైన్ పక్కన ఆయన పెట్టిన చీటీ మీద ఇప్పుడు "నంబర్ 4 నుంచి మార్చినది, ఫ్లాష్ హైడర్ నకలు" అని ఉంది. చేతిరాత నాది, వాక్యం ఆయనదే.